ఆరోజు తిరగని బల్లకట్టు

గురజాల, మంగళవారం రాత్రి

పోయిన నెల కృష్ణ దాటించే బల్లకట్టు రేవు గోడను గుద్దినప్పుడు మెకానిక్ ఖాసిం ఎడమ పాదం మధ్యలో పడి నలిగింది. డాక్టర్లు తీసేశారు. నష్టపరిహారం ఎవడో వేసే బిచ్చం కాదు, హక్కు! అతని లాయరుగా నేను వేయబోయే కేసుకు ఒక్క సాక్షి కోసం ఈరోజు రేవుకు వెళ్లాను.

"ఆరోజు బల్లకట్టే తిరగలేదమ్మా," అంది టీ కొట్టు ఆవిడ. వల కుట్టుకుంటున్న ముసలాయన తలెత్తకుండా అవే మాటలన్నాడు. టికెట్లు కోసేవాడైతే నేను అడగకముందే అన్నాడు.

మండిపోతూ ఖాసిం ఇంటికెళ్లాను.

"ఆరోజు బల్లకట్టే తిరగలేదక్కా."

"ఏందిరా ఇది? బల్లకట్టు కాంట్రాక్టర్ బెదిరించాడా? మరి నీ పాదం ఏమైంది?"

"చిన్నప్పటి నుంచీ నాకొకటేగా."

అతను నవ్వలేదు. గుమ్మంలో అతని చెప్పులు రెండూ ఉన్నాయి. నేను చూస్తుండగానే అతని భార్య వంగి, ఎడమది తీసి కొంగు కింద దాచుకుంది.