తా రీచ్ ముందు ఒట్టు

సియెమ్ రీప్,
కొత్త సంవత్సరం వచ్చిన ఐదో రోజు.

చెల్లెలు కుంథియాకి అన్నయ్య బొరిన్ ఆశీస్సులు.

ఇక్కడ మేమంతా బతికే ఉన్నాం. క్షేమమని రాయడానికి చెయ్యి రావడం లేదు. నువ్వక్కడ బాగున్నావని తలుస్తాను. ఫోన్ చేద్దామంటే నీ గదిలో నీ మొగుడి ఊరివాళ్లే ముగ్గురున్నారు, మాటలు వింటారు, అందుకే కాగితం పట్టాను. సరిహద్దు అవతల ఆ చేపల ఫ్యాక్టరీలో ఐసు నీళ్లకి వేళ్లు పగిలాయని రాశావు. కొబ్బరినూనె పంపుతున్నాను, పడుకునే ముందు రాసుకో.

నీ ప్రశ్నకి వస్తాను. "వియస్నా మారానంటున్నాడు. ఇంక చెయ్యి చేసుకోనని తా రీచ్ ముందు ఒట్టేస్తే వచ్చేస్తాను. నీ కళ్లతో చూసి రాయి, నీ మాట మీదే వస్తాను" అన్నావు. చూశాను.

పండగ రెండోరోజు పొద్దున్నే నీ మొగుడు వియస్నా, మా దగ్గరే ఉంటున్న నీ కూతురు రచనా, మీ వదిన మాలియా, అందరం నా టుక్‌టుక్‌లో గుళ్లు చూడ్డానికి బయల్దేరాం. అంగ్‌కోర్ వాట్ పడమటి ద్వారంలో ఎనిమిది చేతుల తా రీచ్ విగ్రహం ముందు జనం కిక్కిరిసి ఉన్నారు. కొత్త తెల్లచొక్కా వేసుకొచ్చిన వియస్నా, ఉడికించిన కోడీ తామరమొగ్గలూ దేవుడికి పెట్టి, అగరొత్తులు నెత్తిమీద పట్టుకుని గట్టిగా అన్నాడు: "పెళ్లాం మీద గానీ బిడ్డ మీద గానీ ఇంకోసారి చెయ్యెత్తితే నెత్తురు కక్కుకుని చస్తాను." గొంతు ఇసుమంతైనా వణకలేదు. పక్కనున్న ముసలమ్మ కళ్లు కూడా తుడుచుకుంది.

మీ వదిన నన్ను మోచేత్తో పొడిచి, "నువ్వూ వెయ్యవయ్యా, పనిలో పని" అంది.

"నేను చస్తే టుక్‌టుక్ ఎవడు తోలతాడే!" అని నవ్వేశాను.

తర్వాత బయోన్ గుడిలో రాతి మొహాల కింద ఫోటోలు దిగాం. ఏనుగుల అరుగు దగ్గరికి వచ్చేసరికి మిట్టమధ్యాహ్నం. అప్పటికే వియస్నా నాలుగు బీరు డబ్బాలు ఖాళీ చేశాడు. రచనా చేతిలోంచి చెరుకురసం జారి వాడి చొక్కామీద పడింది. అంతే. జుట్టు పట్టుకుని పిల్ల మొహాన్ని రాతిగోడకేసి కొట్టాడు. తల్లికి రాయాల్సిన మాట కాదిది, కానీ రాయకపోతే నువ్వు వచ్చేస్తావు. రెండు పళ్లు రాలాయి, కనుబొమ చీలింది.

"ఒరేయ్, ఒట్టేసి పూటైనా గడవలేదు కదరా!" అంటూ మాలియా అడ్డం వెళ్లింది. ఆవిణ్ణి పొట్టలో తన్నాడు.

"నువ్వెవతివే మధ్యలో? నా కూతురు, నా ఇష్టం!"

నేను టుక్‌టుక్ సీటు కింది జాకీ రాడ్ తీశాను. మొదటి దెబ్బకి మణికట్టు విరిగింది. రెండోది మోకాలి చిప్ప మీద వేశాను. "బావా, చాలు బావా, తప్పయిపోయింది" అని మట్టిలో పాకాడు. చాలని నాకూ తెలుసు చెల్లీ. ఎక్కువ కొట్టింది ఆ తర్వాతే. దవడ మీద, పక్కటెముకల మీద, వాడు అరవడం మానేశాక కూడా. అబద్ధమెందుకు, హాయిగా అనిపించింది. నలుగురు కాపలావాళ్లు నన్ను వెనక్కి లాగారు. వాడు చావలేదు. దవడకి తీగలు వేసి ఆసుపత్రిలో పడుకోబెట్టారు. పోలీసులు నన్ను రెండురోజులు ఉంచుకుని వదిలారు, పిలిస్తే మళ్లీ వెళ్లాలి.

ఇంతవరకూ రాయడం తేలికే. ఇక్కణ్ణుంచే కష్టం.

ఆ రోజు అక్కడే, పోలీసులు రాకముందు, కాపలావాళ్లు నన్ను వదిలాక పిల్లని ఎత్తుకుందామని వెళ్లాను. నా బట్టల నిండా నెత్తురు. రచనా రెండు చేతులతో తల కప్పుకుని మాలియా వెనక నక్కింది. "మామయ్యా, కొట్టకు. అత్తయ్యని కొట్టినట్టు నన్ను కొట్టకు" అంది.

నిరుడు మీ వదిన చెంప వాచిందేమని నువ్వడిగితే బోరింగు దగ్గర జారిపడిందన్నాను. పడలేదు. నేనే కొట్టాను. అదే మొదటిసారి కూడా కాదు. ఇంట్లో ఉన్న పిల్ల అన్నీ చూసింది. తా రీచ్ ముందు నేను నవ్వింది వేళాకోళానికి కాదు, భయానికి. వాడికి దేవుడంటే భయం లేదు గనక ఒట్టేశాడు, నాకుంది గనక వెయ్యలేదు. సిగ్గుతో చస్తున్నాను చెల్లీ. ఇన్నాళ్లూ వాడి సంగతి తేల్చడానికి నన్నే పెద్దమనిషిని చేశావు.

నువ్వు రావద్దు. వాడి కోసం వద్దు, నా మాట మీద అసలే వద్దు.

స్టేషన్ నుంచి ఇంటికి వచ్చేసరికి మాలియా మూట కట్టుకుని గుమ్మంలో కూర్చునుంది. "పిల్లని దాని తల్లి దగ్గరికి చేరుస్తా" అంది. సరిహద్దు దాకా వ్యాను మాట్లాడుకుంది. ఈ ఉత్తరం నీ చేతికిచ్చేది ఆవిడే. మళ్లీ ఎప్పుడొస్తావని అడుగుదామని ఒకడుగు ముందుకేశాను. ఇద్దరూ ఒక్కసారే గోడకి జరిగిపోయారు. అడగలేదు. నువ్వూ అడగకు.

ఇట్లు,
ఇంట్లో ఒక్కడే మిగలబోయే
నీ అన్నయ్య
బొరిన్