ఇమామ్ సాబు కొట్లో పడని బాతులు

ఆళ్లగడ్డ,
18-1-2025

నంద్యాలలో టీవీలు బాగుచేసే ఇలియాస్‌కు ఆళ్లగడ్డ సుంకన్న రాసేది. ఇక్కడ మేమంతా బాగున్నాం, నా పరువు ఒక్కటే బాగాలేదు.

ఇరవై ఏడేళ్లుగా కడుపులో పెట్టుకున్న మాట ఇది. మీ నాయన ఇమామ్ సాబు నంద్యాల బస్టాండు దగ్గర వీడియో గేముల కొట్టు నడిపేటప్పుడు నేనూ, మా బామ్మర్ది శ్రీశైలమూ టీవీలో బాతులను కాల్చే ఆట ఆడినాము. వానికి పదికి ఎనిమిది పడినాయి. నాకు ఒక్కటీ పడలేదు. జొన్న చేను కావలి కాస్తూ, మంచె మీద నుంచి వడిసెల రాయితో ఎగిరే చిలకను కొట్టే మనిషిని నేను. ఆ పొద్దు నుంచి వాడు ఏ పెండ్లికి పోయినా ఈ కత చెప్పి పదిమందిని నవ్విస్తాడు.

మొన్న నా మనవరాలు అక్షయ, "ఇంట్లోనే నేర్చుకుని శ్రీశైలం తాతను ఓడించు జేజినాయనా" అని నీ దగ్గర అదే ఆట, అట్లాంటి తుపాకే కొని తెచ్చింది. గోడ టీవీకి తగిలించినాము. మూడు దినాలు కాల్చినాను. ఈక కూడా రాలలేదు. నాయన వంకర తుపాకి పెట్టినాడు, కొడుకు వంకర తుపాకి అమ్మినాడు.

ఫిబ్రవరి తొమ్మిది, ఆదివారం అక్షయకు నిశ్చితార్థం. శ్రీశైలం వస్తాడు. కొత్త సంబంధమోళ్ల ముందర ఆ కత మళ్లీ ఎత్తుతాడు. అంతలోపల సక్కని తుపాకి పంపు.

ఇట్లు, కోపంతో,
సుంకన్న

తా.క. ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావేమో. ఫోన్లో గట్టిగా మాట్లాడితే కట్ చేస్తారు. కాగితమైతే చివరిదాకా చదవాల.


నంద్యాల,
21-1-2025

పెద్దలు సుంకన్న పెద్దనాయనకు ఇలియాస్ సలాములు. జాబు చివరిదాకా చదివాను. మా ఆవిడ ముబశ్శిరా అడిగితే ఆమెకూ చదివి వినిపించాను.

తుపాకి వంకర కాదు పెద్దనాయనా. అసలు అందులోంచి ఏమీ బయటికి రాదు. దాని గొట్టంలో ఒక కన్నుంది. మీరు మీట నొక్కగానే టీవీ తెర అంతా రెప్పపాటు నల్లబడుతుంది. వెంటనే బాతు ఉన్న చోట మాత్రం తెల్లని గడి మెరుస్తుంది. ఆ కన్నుకు ముందు చీకటి, తర్వాత తెలుపు కనబడితే బాతు పడినట్టు. తెలుపు కనబడకపోతే గురి తప్పినట్టు.

గోడ టీవీల్లో బొమ్మ కాస్త ఆలస్యంగా వస్తుంది. తెలుపు వచ్చేసరికి తుపాకి చూడటం ముగించేసి ఉంటుంది. దీనికి వెనక పొడుగ్గా ఉండే పాత డబ్బా టీవీయే కావాలి. అమ్మేటప్పుడు ఆ మాట చెప్పకపోవడం నా తప్పే.

మీ కొడుకులాంటివాడు,
ఇలియాస్

తా.క. కన్ను అన్నాను కదా అని దాన్ని నీళ్లతో కడగవద్దు.


ఆళ్లగడ్డ,
25-1-2025

ఇలియాసప్పకు సుంకన్న రాసేది.

నీళ్లతో కడగలేదు. మా ఇంటామె పాపమ్మకు కంటి ఆపరేషన్ చేసినప్పుడు ఇచ్చిన చుక్కలు మిగిలుంటే రెండు వేసినాము.

డబ్బా టీవీ కోసం మా వీధిలో దానమ్మ ఇంటికి పోయినాను. దాని మీద కోడి గుడ్డు పెడతాంది, కాసేపు ఆగన్నా అనింది. ఒక కోడి లేచేదాకా వాకిట్లో కూర్చున్నాను. తెచ్చి తగిలించినా బాతులు పడలేదు. అప్పుడు నీ జాబు ఇంకోసారి చదివితే అసలు సంగతి తెలిసింది. తెలుపు కనబడితే పడినట్టు అన్నావు. మీ నాయన కొట్లో ట్యూబులైటు ఉండేది. శ్రీశైలం దానికి గురిపెట్టి ఎనిమిది కొట్టినాడు. ఆదివారం అందరి ముందర వాన్ని నిలదీస్తాను. సాక్షివి నువ్వే. తప్పకుండా రావాల.

ఇట్లు,
సుంకన్న

తా.క. మాంసం వండుతాము. సాక్ష్యం చెప్పినాకనే పెడతాము.


నంద్యాల,
29-1-2025

పెద్దనాయనకు సలాములు.

దయచేసి ఆయన్ను నిలదీయవద్దు. ముందు చీకటి కనబడాలని రాశాను కదా, అది ఆ దొంగాట పట్టుకోవడానికే. ట్యూబులైటు నల్లబడదు, కాబట్టి తుపాకి దాన్ని లెక్కలోకి తీసుకోదు. శ్రీశైలం గారు నిజంగానే కొట్టారు.

మీ జాబు విని మా నాన్న ఏమన్నారో ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "ఆయన వడిసెల మనిషిరా. ఎగిరే పిట్టకు జానెడు ముందర గురిపెడతాడు. రాయి పోయేసరికి పిట్ట ఆడికొస్తాది. ఈ తుపాకిలో రాయి యాడుంది? ఆ పొద్దే చెప్పబోతే, నాకే గురి నేర్పుతావా అని కళ్లెర్ర జేసినాడు."

మీకు గురి రాక కాదు, బాగా వచ్చినందుకే బాతులు పడలేదు. ఈసారి సరిగ్గా బాతు మీదే పెట్టండి.

ఆ కొట్టు మూసి పద్దెనిమిదేళ్లయింది. కోపంగానైనా దాన్ని గుర్తుపెట్టుకున్నది మీరొక్కరేనని, మీకు మేలు కలగాలని నాన్న దువా చేశారు.

ఇలియాస్

తా.క. చుక్కలు వేసిన తుపాకి పక్కన పెట్టండి. ఇంకొకటి బస్సులో పంపాను. ఇది నాన్న కొట్లోదే. బహుశా ఆ పొద్దు మీరు పట్టుకున్నదే.


ఆళ్లగడ్డ,
12-2-2025

ఇమామ్ సాబుకు, ఇలియాసప్పకు సుంకన్న దండాలు. ఒకరికి దండం పెట్టి నాకు అలవాటు లేదు. అందుకే రెండుసార్లు పెడుతున్నాను.

ఆదివారం భోజనాలు కాగానే శ్రీశైలం కత ఎత్తుకున్నాడు. పూర్తిగా చెప్పనిచ్చినాను. తర్వాత డబ్బా టీవీ పెట్టించి, సంబంధమోళ్ల ముందర పదికి పది కొట్టినాను. వానికి ఆరే పడినాయి. మీ నాయన చెప్పిన మాట అందరికీ చెప్పినాను. శ్రీశైలం తుపాకి కింద పెట్టి, "బావా, చేన్లో నేను ఒక్క చిలకనూ కొట్టింది లేదు. నేరుగా దాని మీదికే ఇసురుతాంటి. అందుకే ఆ పొద్దు నాకు పడినాయేమో" అన్నాడు. ఇరవై ఏడేళ్లలో వాడు నన్ను మెచ్చుకున్నది ఇదే. ఇద్దరం పక్కపక్కన కూర్చుని రెండోసారి అన్నం తిన్నాము.

మీ మేలు మరువను. శనక్కాయలు ఒక మూట బస్సుకు వేసినాను, ఇమామ్ సాబుకు ఉడకబెట్టి మెత్తగా పెట్టండి.

ఇట్లు, పరువు దక్కిన
సుంకన్న

తా.క. ఒక చిన్న సంగతి. పది దినాలు బాతు మీదే గురిపెట్టి పెట్టి, నా చెయ్యి ఇప్పుడు నేరుగా పిట్ట మీదికే పోతాంది. నిన్న చేన్లో చిలకల గుంపు దిగితే నలభై రాళ్లు విసిరినాను. ఒక్కటీ తగల్లేదు. రాయి పోయేసరికి చిలక పక్క కంకి మీదుంది. శ్రీశైలం ఇంకా ఊరికి పోలేదు. మంచె కింద నిలబడి మొత్తం చూసినాడు. ఇరవై రెండు, శనివారం గడివేములలో ఏదో పెండ్లికి పోతాడంట. చెయ్యిని మళ్లీ జానెడు ముందుకు ఎట్లా జరపాలో మీ నాయనను అడుగు. ఇరవై ఒకటి, శుక్రవారం లోపల జాబు రావాల.