చేప తలల తూకం

నలభై ఏడేళ్ళు నిండి, పెళ్ళి లేక, మా మేనత్త పెట్టిన రెస్టారెంటులో సగం వాటాతో, అక్కడి మెనూలూ వంటింటి ఖర్చులూ చూసుకుంటూ బతుకుతున్న నేను, ఎవరి ఒత్తిడీ లేకుండా సొంత చేతిరాతతో రాస్తున్న వీలునామా ఇది. ఇంతకు ముందు ఇలాంటిది ఏదీ రాయలేదు. వచ్చే నెల నాకు ఆపరేషను. పెద్దదేం కాదన్నారు డాక్టర్లు. కాగితాలు సర్దుకోమన్నదీ వాళ్ళే. నా మతి స్థిమితంగా ఉందని డాక్టరు గారు రాసిచ్చిన పత్రం దీనికి జత చేశాను. మనస్సాక్షి గురించి ఆయన ఏమీ రాయలేదు. నేనూ అడగలేదు.

1. ఈ వీలునామాను అమలు చేసే బాధ్యత మా వదినకు అప్పగిస్తున్నాను. ఇరవై ఏళ్ళలో ఆమె ఏ వంటకానికీ ఎంత పడిందని అడగలేదు, ఎలా ఉందని మాత్రమే అడిగింది. నా తర్వాత ఈ కాగితం చదవాల్సింది అలాంటి మనిషే. వదినా, నాలుగో షరతు దగ్గర ఆగిపోకు. చివరిదాకా చదువు.

2. మా అన్నయ్యకు మేనత్త గోడ గడియారమూ, దాంతో పాటు బారు కౌంటరు కింది సొరుగులో ఉన్న ‘పగిలినవి’ అనే పుస్తకమూ చెందాలి. అందులో పగిలాయని రాసిన సీసాల్లో సగం పగల్లేదు. ఆయన స్నేహితుల గొంతుల్లోకి దిగాయి. ఆ సంగతి ఆయనకూ తెలుసు, రాసిన నాకూ తెలుసు. అడిగితే, “తోడబుట్టినవాడి దగ్గర ఇంత లెక్కేమిటే” అనేవాడు. నేను నవ్వి, పెన్ను తీసి, ‘రెండు సీసాలు, మెట్ల మీద జారి’ అని రాసేదాన్ని. ఆ మెట్ల మీద అన్ని సీసాలు జారి ఉంటే ఈపాటికి మెట్లే మిగిలేవి కావు. ఈ పుస్తకం కోపంతో ఇవ్వడం లేదు. కొంచెం కోపంతోనే ఇస్తున్నాను.

3. నా మేనకోడలికి, అంటే అన్నయ్య కూతురికి, రెస్టారెంటులో నా వాటాలో సగం చెందాలి. నా తూకం యంత్రం కూడా ఆమెదే. చిన్నప్పుడు దాని మీద తన బొమ్మల్ని కూర్చోబెట్టి, “అత్తా, ఈమె లావయింది” అని తీర్పులు చెప్పేది. యంత్రంలో ఏ దోషమూ లేదు. గ్రాము తేడా కూడా చూపదు. దాని మీద ఏం పెట్టాలో, ఏం పెట్టకుండా వదిలేశామో అది చెప్పదు. అది గుర్తు పెట్టుకుంటే చాలు.

4. నా వాటాలో మిగిలిన సగం మా వంటింట్లో ఇరవై రెండేళ్ళు చేపల బల్ల దగ్గర పనిచేసిన మనిషికి చెందాలి. ఆమెను అందరూ చేపలక్క అనేవాళ్ళు. ఏడేళ్ళ కిందట ఆమెను దొంగ అని పనిలోంచి పంపేశాం. ‘పంపేశాం’ అనడం కూడా దాక్కోవడమే. పంపింది నేను.

ఎలా జరిగిందో రాయకపోతే ఈ వాటా దానంలా కనిపిస్తుంది. కాబట్టి రాస్తున్నాను.

యూనివర్సిటీ చదువు పూర్తి చేసి రెస్టారెంటులోకి వచ్చాక, ప్రతి వంటకానికీ ఒక ఖర్చు చీటీ తయారుచేశాను. ఏ సరుకు ఎంత, శుభ్రం చేస్తే తరుగు ఎంత, పళ్ళెంలోకి ఎంత వెళ్ళాలి, ఎంతకు అమ్మాలి, అన్నీ అందులో ఉంటాయి. గోడల నిండా అవే అంటించాను. అందుకే వంటింట్లో నన్ను చీటీలమ్మ అనేవాళ్ళు. ముందు వెటకారంగా, తర్వాత అలవాటుగా.

కాల్చిన చేప ఎనిమిదేళ్ళ కిందట మెనూలోకి కొత్తగా వచ్చి, మా దగ్గర బాగా పోయే వంటకమైంది. దాని చీటీ కోసం ఒకరోజు చేపలక్క చేత పది కిలోల చేపలు కోయించి తూచాను. తలా, ముల్లూ, పొలుసూ పోగా ఆరు కిలోల ముక్కలొచ్చాయి. చీటీ మీద ‘పదికి ఆరు’ అని రాసి కింద రెండు గీతలు గీశాను. అది పెద్ద చేపలు దొరికే కాలం. ఒక్కోటి రెండు మూడు కిలోలుండేది. ఆ మాట మాత్రం చీటీ మీద రాయలేదు.

కొన్ని నెలలకు చిన్న చేపల కాలం వచ్చింది. వారానికి అరవై కిలోలు కొంటాం. నా చీటీ ప్రకారం ముప్ఫై ఆరు కిలోల ముక్కలు రావాలి. ఇరవై ఏడే వస్తున్నాయి. వరసగా అయిదు వారాలు తొమ్మిదేసి కిలోలు తక్కువ. చేపలక్కను పిలిచి కాగితం చూపించాను. ఆమె చేతులు తుడుచుకుంటూ, “చేప చిన్నదైతే తల పెద్దదమ్మాయ్. నీ కాగితానికి తెలీకపోతే నేనేం చేసేది?” అంది. నిజం మొత్తం ఆ ఒక్క మాటలో ఉంది. నాకు మాత్రం అందులో పొగరే వినపడింది. పట్టా పుచ్చుకున్నదాన్ని, అయిదు వారాల అంకెలు చేతిలో ఉన్నదాన్ని. కత్తి పట్టుకున్న మనిషి నాకు లెక్క చెప్పడమేమిటి అనుకున్నాను. 

ఆ శనివారం మధ్యాహ్నం, ఆమె ఇంటికి వెళ్ళే వేళకు, వెనక తలుపు దగ్గర సంచీ తెరిపించాను. అందరూ చూస్తున్నారు. గిన్నెలు కడిగే పెద్దాయన చేత సంచీ పట్టించాను. లోపల గొడుగు, ఖాళీ డబ్బా, కాగితంలో చుట్టిన చేప తలలు. మేనత్త ఉన్న రోజుల నుంచీ చేపలక్క తలలు ఇంటికి పట్టుకెళ్ళేది. మేనత్తే తీసుకుపొమ్మంది. అది నాకు తెలుసు. తెలిసి కూడా, “తలలతో మొదలై ముక్కల దాకా వెళ్ళింది” అన్నాను. నవ్వు కూడా నవ్వానేమో. నవ్వలేదని నమ్మాలని ఉంది, నమ్మకం లేదు.

అన్నీ తూచే నేను ఆ సంచీని తూచలేదు. యంత్రం నాలుగు అడుగుల దూరంలో ఉంది. ఆ తలల్నీ, ఆ చేపల నుంచి వచ్చిన ముక్కల్నీ పక్కపక్కన పెట్టి తూచి ఉంటే, నేను వెతుకుతున్న తొమ్మిది కిలోలు ఎక్కడున్నాయో అప్పుడే తెలిసేది.

చేపలక్క ఏడవలేదు. ఏప్రన్ విప్పి, మడతపెట్టి, బల్ల మీద పెట్టింది. “మీ అత్త ఉంటే నీ చెవి మెలేసేది” అని వెళ్ళిపోయింది. తన కత్తి మర్చిపోయింది.

ఆ తర్వాత పెద్ద చేపల కాలం తిరిగొచ్చింది. లెక్క చక్కగా కుదిరింది. అన్నయ్య, “చూశావా, దొంగ పోగానే లెక్క దార్లో పడింది” అని అందరి ముందూ మెచ్చుకున్నాడు. ఆ మెప్పు తీసుకున్నాను. మళ్ళీ చిన్న చేపలొచ్చాయి. చేపల బల్ల దగ్గరికొచ్చిన కొత్త మనిషి చేతిలోనూ తొమ్మిది కిలోలు తగ్గాయి. అప్పుడు, అందరూ భోజనానికి వెళ్ళాక, తలుపు వేసుకుని పది కిలోల చిన్న చేపలు నేనే కోశాను. నాలుగున్నర కిలోలు వచ్చాయి. మళ్ళీ కోశాను. మళ్ళీ నాలుగున్నరే.

పాత చీటీ పీకేసి కొత్తది అంటించాను. ‘చిన్న చేప: పదికి నాలుగున్నర.’ ఎవరూ ఏమీ అడగలేదు. నేనూ ఏమీ చెప్పలేదు. అది జరిగి ఆరేళ్ళు. ఈ ఆరేళ్ళలో ఆమె ఇంటి వీధి చివరిదాకా నాలుగుసార్లు వెళ్ళాను. నాలుగుసార్లూ ఏదో కొనుక్కుని తిరిగొచ్చాను. మా ఇంట్లో ఇప్పుడు అవసరం లేని చీపుళ్ళు మూడున్నాయి. పొరపాటు చేసినందుకు నాకు ఇంత సిగ్గు లేదు. పొరపాటు ఎవరైనా చేస్తారు. అన్నయ్య సీసాలకు మెట్లను కల్పించిన చెయ్యే, ఆమె చెప్పింది నిజమేమోనని ఒక్కసారి తూచి కూడా చూడలేదు. సిగ్గు దానికి.

5. చేపలక్క కత్తి నా బీరువాలో, పాత తువ్వాలులో చుట్టి ఉంది. ఏటా నూనె రాస్తున్నాను. నాది కాని వస్తువును నేను ఎలా రాసివ్వగలనో తెలియదు. తిరిగి ఇవ్వాలని మాత్రమే రాస్తున్నాను.

6. నా చీటీలన్నీ వంటింటికే. కానీ ప్రతిదాని మీదా ‘ఏ కాలంలో తూచింది, ఏ సైజు, ఎవరు కోశారు’ అని రాయాలి. మెనూ సంగతి కూడా చెప్పి పోతాను. ‘ఈరోజు ప్రత్యేకం’ అని నేను పలక మీద రాసినవాటిలో చాలా భాగం నిన్న మిగిలిన సరుకే. పళ్ళెం ఒక అంగుళం చిన్నది చేశాను. రొయ్యలు ఆరు నుంచి అయిదు చేసి, కింద ఆకుకూర పరిచాను. ఒక పెద్దావిడ లెక్కపెట్టి, “ఒకటి దారి తప్పిందా?” అని అడిగింది. ఆమెకు ఆ ఒక్కటీ బాకీ. ఎవరో తెలియదు కాబట్టి, రొయ్యలు మళ్ళీ ఆరు చేయండి.

మార్చి పన్నెండు, బుధవారం. ఇంకా సంతకం పెట్టలేదు.

చేర్పు. పై కాగితం రాసి వారం సొరుగులో ఉంచాను. నేను పోయాక వదిన చదువుతుంది, చేపలక్కకు కబురు వెళుతుంది, ఆమె మొహం నేను చూడనక్కర్లేదు. ఎంత చక్కటి ఏర్పాటు! ఇదీ దాక్కోవడమే. నిన్న, కాగితమూ కత్తీ పట్టుకుని, వీధి చివర ఏమీ కొనకుండా, ఆమె ఇంటికి వెళ్ళాను. గడప దగ్గరే నిలబెట్టి మొత్తం చదివించుకుంది. కూర్చోమనలేదు.

వాటా దగ్గర ఆపింది. “నాకు అరవై మూడు. నాకంటే పదహారేళ్ళు చిన్నదానివి. నీ చావు కోసం నేను కాచుక్కూర్చోవాలా? ఇచ్చేదేదో నా కళ్ళ ముందే ఇయ్యి” అంది. తర్వాత, “నాకు వాటాలొద్దు. పోయిన ఏడేళ్ళ జీతం ఇయ్యి. ఇంకోటి. ఇది నా ఒక్కదానికి చదివితే కాదు. ఆ రోజు ఎక్కడ, ఎవరి ముందు అన్నావో అక్కడే చదువు” అంది. కత్తి తీసుకుని, అంచు మీద బొటనవేలు పెట్టి చూసి, “నూనె ఎక్కువ రాశావ్” అంది.

జీతం ఈ ఉదయం నా డిపాజిట్ల నుంచి ఇచ్చేశాను. మూడున్నరకు, వంటింటి వాళ్ళ భోజనాలయ్యాక, వెనక తలుపు దగ్గర నిలబడి చేపలక్క వింటుండగా పదకొండు మంది ముందు నాలుగో షరతు చదివాను. అన్నయ్య మధ్యలోనే లోపలికి వెళ్ళిపోయాడు. వదిన ఉండిపోయింది. ఇంక నాలుగో షరతులో వాటా ఇచ్చే వాక్యం ఒక్కటే కొట్టేస్తున్నాను, ఆ భాగం కూడా మేనకోడలికే. మిగతాది ఒక్క అక్షరం మార్చలేదు.

లాయరు గారు చెప్పిన ప్రకారం, సాక్షి సంతకం పెట్టేవాళ్ళకు వీలునామా కింద ఏమీ రాదు. ఆ మాట చేపలక్కకు చెప్పాను. “రాకపోతే పోయె, పెన్నిటియ్యి” అంది. ఆమె సంతకం పక్కన, నన్ను మన్నించిందని ఒక ముక్క రాయనా అని అడిగాను. తల అడ్డంగా ఊపింది.

“మన్నించానని రాయకు. చూశానని రాయి.”

అలాగే రాశాను.

మార్చి ఇరవై ఒకటి, శుక్రవారం.

(సంతకం) వీలునామా రాసిన వ్యక్తి, చీటీలమ్మ

సాక్షులు:
ఒకటి. చేపలక్క. ఈమె సంతకం పెట్టడం చూశాను.
రెండు. గిన్నెలు కడిగే పెద్దాయన, ఆ రోజు సంచీ పట్టుకున్నవాడు. ఈమె సంతకం పెట్టడం చూశాను. ఆ రోజూ చూశాను.