రాకుమారి చేతి గాజులు

దహ్షూర్, మంగళవారం

జన్నూబాకు, నేను క్షేమంగా ఉన్నాను, ఊళ్లో ఏం విన్నా నమ్మకు. పిరమిడ్ పక్క గోతిలో ఇసుక కూలిన మాట నిజమే గాని, అప్పుడు మేమంతా పైన కూర్చుని టీ తాగుతున్నాం. ఎవరికీ గోరంత గాయం కూడా కాలేదు.

ఇసుక ఎత్తిపోసి, మొన్న ఆ గోతి అడుగున ఒక రాకుమారి సమాధి తెరిచాం. శవపేటిక నేనొక్కడినే ఎత్తగలిగేంత చిన్నది. లోపల, మనం పోగొట్టుకున్న మన కూతురు నఈమా అంత పిల్ల. ఆ పుల్లలాంటి మణికట్టుకు పెద్దవాళ్ల బంగారు గాజులు ఉన్నాయి. "కొలత తెలియని కంసాలి ఎవడురా వీడు?" అని ఎవడో నవ్వాడు. మా మేస్త్రీ హమ్‌దాన్ మామ కసురుకున్నాడు. "నోర్ముయ్యండ్రా! అవి తల్లివి. తన చేతివి తీసి తొడిగింది. అక్కడైనా పిల్ల పెరుగుతుందనుకుంది, పిచ్చితల్లి."

 నేను పైకి వచ్చి చాలాసేపు ముఖం కడుక్కున్నాను.

మేక ఈనిందా? రొట్టెలు అయిపోయాయి, మీ అన్న ఇటు వస్తే పంపు. ఏడాది దాటినా ఇంకా ఏడుపేమిటని అమ్మ నిన్ను అంటోందట. అంత రాణే తట్టుకోలేకపోయిందని ఈ కార్డు చదివి వినిపించు, నా సలాం కూడా చెప్పు. నీకు ఏడుపొస్తే ఏడువు.

పండుగకు వస్తాను. పోయినసారిలా నువ్వొక్కదానివే నఈమా సమాధి దగ్గరికి వెళ్లొద్దు. ఇద్దరం వెళ్దాం. అక్కడ పేదలకు పంచే ఖర్జూరాల బుట్ట నేను మోస్తాను. అల్లా నిన్ను చల్లగా చూడాలి.

నీ దియాబ్