మీ పాయింట్లు, నా పేరు

లోకేష్ బావగారికి,

ఫోన్‌లో అయితే నవ్వి తేలిగ్గా తీసేస్తారు, అందుకే రాస్తున్నాను.

మీ క్రెడిట్ కార్డుతో, షాపుల్లో డబ్బు నింపి అమ్మే రీలోడ్ కార్డులు కొని, ఆ డబ్బు నా పేరున తెరిచిన ప్రీపెయిడ్ అకౌంట్‌లో వేసి, దాంతోనే మళ్ళీ మీ బిల్లు కట్టమన్నారు. "ఎవరికీ నష్టం లేదు మరదలా, కార్డు వాడినకొద్దీ పాయింట్లు ఊరికే వస్తాయి, వాటితో విమానం టికెట్లు కొనొచ్చు" అన్నారు. ఇదే పని చేసినందుకు మీ పేరున ఉన్న అకౌంట్‌ని ఆ ప్రీపెయిడ్ కంపెనీ వాళ్ళు అంతకుముందే మూసేశారన్న సంగతి మాత్రం మింగేశారు.

క్లాసులయ్యాక ఈ పిస్కాటవే ఊళ్ళో షాపులన్నీ తిరిగింది నేను. ఒకచోట కౌంటర్‌లో పెద్దావిడ, "ఎవరైనా ఫోన్ చేసి బెదిరించి కొనిపిస్తున్నారా, హనీ?" అని అడిగింది. "లేదు, మా అక్క మొగుడు" అన్నాను. ఆవిడ నవ్వలేదు. మోసాల గురించి ఒక కాగితం నా చేతిలో పెట్టింది.

ఇప్పుడు నా అకౌంటూ ఆపేశారు. ఉద్యోగం లేని స్టూడెంట్‌కి ఇంత డబ్బు ఎక్కడిదని అడుగుతున్నారు. అమెరికాలో చదువుకోవడానికి మాత్రమే ఇచ్చే ఎఫ్-వన్ వీసా మీద ఉన్నదాన్ని, దొంగచాటుగా పని చేస్తున్నానని ఎవరైనా అనుకుంటే నా చదువు ఇక్కడితో సరి. మీకేమో హవాయి టికెట్లకి పాయింట్లు చాలవని బెంగ! పైగా "మీ నాన్న ఫీజుకి పంపారని రాసెయ్" అని సలహా. మా నాన్న పేరున అబద్ధం ఎందుకు రాయాలి, మీరు బీచ్‌లో పడుకోవడానికా?

రాయను. జరిగింది జరిగినట్టు రాసి, మీ పేరూ నంబరూ ఇచ్చి పంపేశాను. రేపు మీకు ఫోన్ చేస్తారు, ఎత్తండి. ఉజ్వలక్కకి కూడా అంతా చెప్పాను. హవాయికి మిమ్మల్నొక్కరినే వెళ్ళమంది. ఒక్క టికెట్‌కి పాయింట్లు సరిపోతాయిలెండి.

మీ మరదలు