గడప దగ్గర ముక్క టైలు

నా ఇంటిదానికి,

క్యారియర్ అందింది. అడుగు గిన్నె కింద పెట్టిన నీ చీటీ కూడా అందింది. ‘బాగా తినండి’ అని రెండు మాటలు రాయడానికి అంత పెద్ద కాగితం ఎందుకో తెలియలేదు గానీ, వెనకవైపు ఖాళీగా ఉంటే దాని మీదే ఇది రాస్తున్నాను. దీన్ని వాచ్‌మన్ కాసేపు ఎండలో పెట్టి నీకు పంపుతాడట. ఫోను చేయొచ్చు. కానీ ఈ బడి గదిలో పన్నెండు మందిమి దూరందూరంగా చాపలు వేసుకుని ఉన్నాం. ఒకడు ఇంటికి ఫోను చేస్తే మిగతావాళ్ళంతా చెవులు రిక్కించి వింటారు. నేనూ వింటాను.

ఇక్కడ బాగానే ఉంది. ఈ మాయదారి రోగం వచ్చి వలస వెళ్ళిన చోట పని ఆగిపోయాక ఒక్క గదిలో రెండు నెలలు తలుపేసుకుని కూర్చున్నాం. దానితో పోలిస్తే ఇది పెళ్ళివారి విడిది. పధ్నాలుగు రోజులు ఎవరినీ ముట్టుకోకూడదన్నారు, అంతే. రోజూ నర్సమ్మ వచ్చి జ్వరం చూసి వెళ్తుంది. పనిలేకపోవడం తప్ప నాకే జబ్బూ లేదు.

ఏమీ తోచక నేల చూస్తూ కూర్చున్నాను. ఈ గదికి కొత్తగా టైల్స్ వేశారు. పనితనం పర్వాలేదు. రసమట్టం పెట్టి చూసినట్టే ఎగుడుదిగుడు లేకుండా ఉంది, సందులు దారం పట్టినట్టు తిన్నగా ఉన్నాయి. కానీ ఆ మహానుభావుడెవరో గడప దగ్గర ముక్క టైల్స్ వేశాడు. ఎవడైనా గడప దగ్గర నిండు టైలుతో మొదలుపెట్టి, కోసిన ముక్కల్ని లోపలి గోడవారకి తోస్తాడు. తలుపు తీయగానే ముక్కలు కనపడితే ఇక మేస్త్రీ ఎందుకు? మావాళ్ళకి చూపిస్తే పూటంతా నవ్వారు.

ఇక అసలు సంగతి. కోప్పడకు. మేము బస్సు దిగిన రోజు గేటు అవతల అందరి ఆడవాళ్ళూ సాయంత్రం దాకా నిలబడ్డారు. నువ్వు మాత్రం చెయ్యి ఊపి, రెండు నిమిషాల్లో వెళ్ళిపోయావు. నాలుగేళ్ళ తర్వాత వచ్చిన మనిషికి రెండు నిమిషాలు. ఫోనులోనూ ఇంతే, ‘ఆఁ, సరే, మళ్ళీ చేస్తాను’ అని పెట్టేసేదానివి. నేను లేకుండా ఉండడం నీకు అలవాటైపోయిందనుకున్నాను. చాలా బాధేసింది. అదే రోజు కాంట్రాక్టరు ఫోను చేసి, దారులు తెరవగానే వస్తావా అని అడిగితే వస్తానని మాటిచ్చేశాను. నిన్ను అడగలేదు. ఇక్కడ నాకు పనెవరిస్తారు, ఇంట్లో నేనెందుకు అనిపించింది. తప్పయితే తప్పని రాయి.

నీ భర్త


శ్రీవారికి,

మీ ఉత్తరం చదివి ముందు ఒళ్ళు మండింది, తర్వాత నవ్వాగలేదు. ఆ మహానుభావుడు నేనే.

మీరు వెళ్ళిన రెండో ఏడు వీధి చివరి ఇంట్లో బాత్రూం పనికి మేస్త్రీ దొరకలేదు. అటక మీదున్న మీ తాపీ, రసమట్టం దించుకుని నేనే వెళ్ళాను. ఆ రోజు ఇంటికొచ్చి నా చేతులు నేనే చూసుకుని మురిసిపోయాను. అక్కణ్ణుంచి ఒకదాని తర్వాత ఒకటి. ఈ బడి నాకు తొమ్మిదో పని. మీకెందుకు చెప్పలేదంటే, పెళ్ళయిన కొత్తలో పక్కింటావిడ గోడకి సున్నం వేస్తుంటే మీరు ‘మగాడి పని లాక్కుని ఏం సాధిస్తుందట’ అన్నారు. ఆ మాట నా మనసులో ఉండిపోయింది. తెలిస్తే మాన్పిస్తారని భయపడ్డాను.

మీరు ఫోను చేసినప్పుడల్లా నా చేతుల నిండా సిమెంటే. ఆ రోజు గేటు దగ్గరికి వచ్చిందీ పనిలోంచే. సిమెంటు కలిపి వచ్చాను. అది గట్టిపడకుండా ఆగుతుందా? మీకు నేను చెప్పాలా? ఎంత చిక్కిపోయారో అని దారంతా ఏడుస్తూనే వెళ్ళాను. ముఖానికి గుడ్డ ఉంది కాబట్టి ఎవరికీ తెలియలేదు.

ఇక గడప సంగతి. నాకు పని నేర్పిన గురువు మన వంటిల్లే. మీరు ప్రయాణానికి ముందు అక్కడ టైల్స్ వేస్తుంటే పక్కనే కూర్చుని చూశాను. లోపలి గోడ దగ్గర మొదలుపెట్టి, ముక్కలు తెచ్చి గడప దగ్గర వేశారు. పద్ధతి అదే కాబోలనుకుని తొమ్మిది చోట్లా అలాగే వేశాను. ఇప్పుడు చెప్పండి, ఎవర్ని చూసి నవ్వాలో.

వెళ్తానంటే కాళ్ళకి అడ్డం పడను. కానీ మీరు అక్కర్లేదని మాత్రం అనుకోకండి. పని నాకు వచ్చింది గానీ, సాయంత్రం ఇంటికొచ్చి ఇవాళ ఇంత చేశానని చెప్పుకోవడానికి మనిషి లేడు. ఉండిపొమ్మని ఇదివరకెప్పుడూ మిమ్మల్ని అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను.

మీ భార్య


నా మేస్త్రీకి,

నీ ఉత్తరం చదివి వినిపిస్తే మావాళ్ళు నిన్నటి నుంచి నన్ను చూసి నవ్వుతూనే ఉన్నారు. నవ్వనీ. వంటింట్లో టైల్స్ వేసిన రోజు నువ్వు గడపలో పొయ్యి పెట్టుకుని వండుతున్నావు. నిన్ను లేపబుద్ధి కాక లోపలి నుంచి మొదలుపెట్టాను. అది నా తప్పే. పక్కింటావిణ్ణి అన్న మాట అంతకన్నా పెద్ద తప్పు. ఇన్నేళ్ళు నువ్వు దాన్ని మోశావని తెలిసి సిగ్గుపడ్డాను.

ఇందాక కాంట్రాక్టరుకి ఫోను చేసి రానని చెప్పాను. గదిలో అందరూ విన్నారు. వేరే పని దొరికిందా అన్నాడు. దొరికిందన్నాను. ఎవరి కింద అని అడిగాడు.

“మా ఆవిడ కింద” అన్నాను.

పరాచికాలాడుతున్నాననుకున్నాడు. నేను మాత్రం నవ్వలేదు. ఎల్లుండి పొద్దున మమ్మల్ని వదిలేస్తారు. ఎన్ని గంటలకి పనిలోకి రావాలో రాయి.

నీ కొత్త కూలీ