నా వయసు తెలిసిన మనిషి

16-1-78, సోమవారం. భవానీపురం
సాయంత్రం పార్టీ నాయకులు వెంకటప్పయ్యగారు హాస్టల్‌కి వచ్చారు. ఉప్పెన తర్వాత మా లంకలో గంజి కేంద్రం నేనే నడిపాను కదా, జనమంతా నా పేరే చెబుతున్నారట. అసెంబ్లీకి నిలబడమ్మా, టికెట్ సంగతి నేను చూసుకుంటాగా అన్నారు. నవ్వొచ్చింది. ఆయన వెళ్ళాక ఏడ్చాను. ఈ మాట చెప్పుకోవడానికి నాకు ఎవరూ లేరు. అమ్మా, అన్నయ్యా ఇద్దరూ ఆ ఉప్పెనలోనే పోయారు.

19-1-78
ఇరవై అయిదు నిండాలట. స్కూలు సర్టిఫికెట్ చూపించాను. 1-7-1951. అంటే ఇరవై ఆరు. ఆయన సంబరపడిపోయారు.

అది అబద్ధం. అన్నయ్య ఒక్కడూ బడికి పోనని మారాం చేస్తే, హెడ్మాస్టరుగారు నాకు రెండేళ్ళు కలిపి వాడి పక్కన కూర్చోబెట్టారు. నిజానికి నాకు ఇరవై నాలుగే.

20-1-78
పన్నెండేళ్ళప్పుడు అమ్మ కోతలకు పోతే ఇల్లంతా నేనే చూశాను. అప్పుడెవరూ చిన్నపిల్ల అనలేదు. పోయినేడు మైలవరం సంబంధం వాళ్ళు పిల్ల ముదిరిందన్నారు. పెళ్ళికి ముదురు, అసెంబ్లీకి లేత. ఒళ్ళు మండిపోతోంది.

25-1-78
చర్చిలో పుట్టిన తేదీలు రాసి ఉండే జ్ఞానస్నానాల పుస్తకం కూడా నీళ్ళపాలైందని ఫాదర్‌గారు కబురంపారు. ఇక నా అసలు వయసు తెలిసినవాళ్ళు ఎవరూ లేరు. సేఫ్. ఈ మాట రాస్తుంటే భయమేసింది.

31-1-78, ఉదయం ఏడు
నామినేషన్ ఈవేళే. జీపు పదింటికి.

అదే రోజు, సాయంత్రం
ఆఫీసు మెట్ల దగ్గర ఒక ముసలామె జనాన్ని తోసుకుని వచ్చి నా చెయ్యి పట్టుకుంది. శౌరమ్మ! నా జ్ఞానతల్లి. జ్ఞానస్నానం రోజు నన్ను ఎత్తుకున్న మనిషి. ఈవిడా పోయిందనే అనుకున్నాను. ఉప్పెనప్పుడు గుంటూరులో కూతురింట్లో ఉందట. నా తల నిమురుతూ, యాభై మూడులో ఆగస్టు పదిహేను, మోక్షారోపణ పండగనాడు పుట్టావు, ఇరవై నాలుగేళ్ళకే ఎంతదానివయ్యావే మార్తా అని అందరికీ వినబడేలా అంది.

వెంకటప్పయ్యగారి ముఖం పాలిపోయింది. ముసలావిడకి మతి లేదని ఒక్క మాట అనమ్మా, చాలు, టైమవుతోంది అని గొణిగారు. నిజంగానే చాలు. సర్టిఫికెట్ నా చేతిలోనే ఉంది.

అనలేకపోయాను. ఆవిడ చెప్పిందే నిజమండీ అన్నాను. జీపు నన్ను వదిలేసి వెళ్ళిపోయింది. మేమిద్దరం బస్సులో వచ్చాం.

1-2-78
నేను పుట్టిన రోజున ఒకటే వానట, శౌరమ్మ చెప్పింది. రెండు రోజులు నేను కళ్ళే తెరవలేదట. ఇంకా చెప్పమన్నాను.